మోకాలి గీత

పోయిన వారం రూపశ్రీని ల్యాప్‌టాప్ ముందు నోరు తెరిచి కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అలాగే ఉంది. కథలోకి మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

తిరుపతిలో ఒక చిన్న కంపెనీ. బేస్‌బాల్ ఆటలో విసిరిన బంతి మంచిదా కాదా అని మనిషి బదులు యంత్రం తీర్పు చెప్పాలని దాని తాపత్రయం. యంత్రానికి ఊరికే తెలివి వస్తుందా? వేలకొద్దీ బంతుల వీడియోలు చూపించి, ఒక్కోదానికి అంపైర్ ఏమన్నాడో పక్కనే రాసిపెట్టి, చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు దిద్దించాలి. ఆ వీడియోలు పోగుచేసే పని రూపశ్రీది. అందుకే ఏప్రిల్ నుంచి బంగారుపాళ్యంలో, గంగాధరం గారి మామిడితోపు పక్కన బయల్లో కెమెరాలు నిలబెట్టుకుని కూర్చుంది. అక్కడ ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పేది మునిరత్నం సారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆ చుట్టుపక్కల అంపైర్ పరీక్ష పాసైన మనిషి ఆయనొక్కడే. ఆయన స్ట్రైక్ అంటే యంత్రానికి అది స్ట్రైక్, బాల్ అంటే బాల్.

ఆట తెలియనివాళ్లు బెదరక్కర్లేదు. బ్యాటు పట్టుకున్న అమ్మాయి ముందు నేల మీద ఒక తెల్ల పలక ఉంటుంది. బంతి ఆ పలక మీదుగా, ఆమె మోకాలికి పైన, ఛాతీకి కింద పోతే స్ట్రైక్, అది విసిరినవాళ్లకు లాభం. మోకాలికి కిందుగా పోతే బాల్, అది నష్టం. ఈ కథకు ఇంతమాత్రం చాలు.

మోకాలి దగ్గరికి సర్రున దిగే బంతి వేయడంలో సుజనను మించినవాళ్లు జిల్లాలో లేరని మునిరత్నం సారే పదిమందికీ చెప్పుకునేవాడు. మే నెలంతా, జూన్ అంతా ఆ బంతిని స్ట్రైక్ అన్నది ఆయనే. జూలైలో చిత్తూరులో సెలక్షన్ జరిగితే, అదే పిల్ల, అదే బంతి వేస్తే, బాల్, బాల్, బాల్ అని కొట్టిపారేసిందీ ఆయనే. సుజన పేరు పోయింది. పల్ప్ ఫ్యాక్టరీ ఓనరు కూతురు ప్రశాంతి, ఆ నెలలోనే వచ్చి చేరిన అమ్మాయి, సెలెక్టయింది. సారు అమ్ముడుపోయాడని సుజన ఊరంతా వినేలా అనేసి, ఆ రోజు నుంచి ఆయన ముఖం చూడలేదు.

ఇక రూపశ్రీ నోరు తెరవడానికి కారణం. సారు స్ట్రైక్ అన్న బంతుల్లో అన్నిటికంటే కిందుగా పోయినవి ఎంత ఎత్తులో పోయాయో తారీకుల వారీగా ఆమె ఒక గీత గీసింది. ఏప్రిల్ మొదట్లో ఆ గీత బుద్ధిగా మోకాలి మీదే ఉంది. తర్వాత కొంచెం కొంచెంగా దిగుతూ, జూన్ ఆఖరుకు మోకాలికి జానెడు కిందికి చేరింది. జూలై మొదటి వారంలో ఒక్కరోజులో ఎగిరి మళ్లీ మోకాలి మీద కూర్చుంది.

మేనేజరు హరినాథ్ ఫోన్లో ఆవులిస్తూనే తేల్చేశాడు. అయితే ముసలాయనకు కన్ను పోయుండాలి, లేదా డబ్బు ముట్టుండాలి, ఏదైనా మనకు ఆయన వద్దు, ఆయన తీర్పులూ వద్దు, కెమెరాలు సర్దుకుని వచ్చేయమన్నాడు. రూపశ్రీకి ఆ రెండూ మింగుడుపడలేదు. తెలియని సంగతి ఒకటి కళ్ల ముందు కనబడితే అన్నం సహించని రకం ఆమె. రెండు రోజులు గడువు అడిగింది. ఇంకోపక్క ఆదివారం చిత్తూరులో స్టేట్ టీముకు మిగిలిన ఒక్క చోటు కోసం మళ్లీ సెలక్షన్ ఉంది. అంపైర్ మళ్లీ మునిరత్నం సారే. ఆయనుంటే నేను రానని సుజన. రాకపోతే సోమవారం నుంచి పల్ప్ ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగించే పనికి పంపుతానని వాళ్ల నాయన. ఆ ఇంట్లో ఆటకు అండగా నిలబడేది వాళ్లమ్మ వరదమ్మ ఒక్కతే.

శుక్రవారం పొద్దున తోపులోని మోటారు షెడ్డుకు సుజనను రమ్మంది రూపశ్రీ. సారు రాడు కదా అని ముందే అడిగింది సుజన. రూపశ్రీ ఆ మాట విననట్టు వేరే ఏదో మాట్లాడింది. ఆమె సారునూ రమ్మని పిలిచిందని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

సుజన సైకిలు దిగి, చేతి తొడుగు చంకన పెట్టుకుని వచ్చింది. ఆట మానేశానంటుంది కానీ ఆ తొడుగు లేకుండా గడప దాటదు. తోలు చినిగినచోటల్లా వరదమ్మ గోనెసంచులు కుట్టే దబ్బనంతో నల్లదారం వేసి కుట్టింది. లోపల నవారు మంచం మీద కూర్చుని మునిరత్నం సారు కనబడగానే ఆ పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇట్ల చేస్తావనుకోలా అక్కా" అంది.

రూపశ్రీ సిగ్గుపడలేదు. ఇద్దరికీ ఒకేసారి చూపించాల్సింది ఉందని, చూశాక ఎవరి దోవన వాళ్లు పోవచ్చని చెప్పి ల్యాప్‌టాప్ తిప్పింది. గీత ఎలా దిగిందో, ఎలా ఎగిరిందో వేలుపెట్టి చూపించింది. సుజన లోపలికి రాకుండానే మెడ చాచి చూసింది. ఎగిరిన తారీకు చూడగానే ఆమె ముఖంలో ఒక విధమైన సంతోషం, చేదు సంతోషం కనిపించింది.

"ప్రశాంతి వచ్చి చేరిన వారమే గదా అది. ఇంకేం కావాలక్కా నీకు?"

మునిరత్నం సారు తలెత్తలేదు. గీతలూ గీట్లూ నాకు తెలియవు, నా కంటికి ఏది ఎట్ల కనబడితే అది చెప్పినా, అంతకుమించి ఒక అక్షరం చెప్పలా అన్నాడు నెమ్మదిగా. కన్ను సంగతి కూడా రూపశ్రీ మొహమాటపడకుండా అడిగేసింది. ఆయన జేబులోంచి బీపీ మాత్రల అట్ట తీసి, చెయ్యి చాపినంత దూరాన పట్టుకుని, దాని మీది చీమతలకాయంత అక్షరాలు ఒక్కటి తప్పకుండా చదివాడు. హరినాథ్ చెప్పిన మొదటి కారణం అక్కడితో చచ్చిపోయింది.

రెండోది మిగిలింది. దాని మీద రూపశ్రీ తన లెక్క చెప్పింది. అమ్ముడుపోయిన మనిషి ఒక్కరోజులో మారతాడు, ఒప్పుకుంటాను. మరి ఏప్రిల్ నుంచి గీత అంత ఓపిగ్గా ఎందుకు దిగింది? నిజాయితీని ఎవరైనా రోజుకు గోరంత చొప్పున అమ్ముకుంటారా? పైగా అలా దిగినన్నాళ్లూ లాభపడింది ప్రశాంతి కాదు, సుజన. ఈ మాటకు సుజన ద్వారబంధం పట్టుకుని నిలబడింది. గుమ్మం దిగలేదు, లోపలికీ రాలేదు.

"నెలల తరబడి కొంచెం కొంచెంగా దిగి, ఒక్కరోజులో లేచేది ఏముంటుంది? నాకు అదొక్కటే కావాల" అంది రూపశ్రీ. "ఆ పొద్దు ఏం జరిగిందో ఇద్దరూ చెప్పండి. చిన్నదైనా సరే."

సారుకు ప్రత్యేకంగా ఏమీ గుర్తు రాలేదు. రోజూ మాదిరే వచ్చినా, రోజూ మాదిరే చట్రం వెనక నిలబడినా, అంతే అన్నాడు. ఈ చట్రం సంగతి చెప్పాలి. తోపు అంచున ఒక తోతాపురి చెట్టు ఉంది. దాని కొమ్మ ఒకటి బయలు మీదికి బారుగా సాగి ఉంటుంది. ఆ కొమ్మ నుంచి రెండు నైలాన్ తాళ్లు వేలాడదీసి, వాటి మధ్య అడ్డంగా రెండు తాళ్లు బిగించాడు సారు. కింది అడ్డతాడు మోకాలి ఎత్తు, పైది ఛాతీ ఎత్తు. ఊగకుండా వేలాడే తాళ్ల చివర చెరో ఇటుక ముక్క. పిల్లలు ఆ రెండు అడ్డతాళ్ల మధ్యనుంచి బంతి పోనివ్వాలి. సారు రోజూ ఆట మొదలుకాకముందు దాని వెనక నిలబడి, పది బంతులు చూసి, కంటికి కొలత పట్టించుకున్నాకే అంపైర్ పనికి దిగేవాడు. వదులు ట్రాక్ ప్యాంట్లలో పిల్లల మోకాలు ఎక్కడుందో ఎవరికి కనబడుతుంది? ఆయన కంటికి మోకాలంటే ఆ కింది తాడే.

ముందు ఏళ్లలో బడి గ్రౌండులో ఇనుప స్తంభాలు ఉండేవి. అక్కడ కొత్త గదులు కట్టడంతో జనవరిలో, చెట్లు పూత మీదున్నప్పుడు, ఆట ఈ తోపు పక్కకు మారింది. టేపు పెట్టి కొలిచి కట్టినానని, ముడుల మీద ఎర్ర రంగు పూసినానని, ఆ ముడిని ఈనాటివరకూ ఎవుర్నీ తాకనీలేదని సారు కొంచెం గర్వంగానే చెప్పాడు. నిజమే, ఆ ఎర్ర రంగు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

రూపశ్రీ సుజన వైపు తిరిగింది. ఆ వారం వీడియోల్లో నువ్వు లేవే, ఎక్కడికి పోయావని అడిగింది.

"కాయ కోతకు పోయినా, మా అమ్మతో. కోతలైనంక మామిడి మండీలో గ్రేడింగు. సెలక్షన్ ముందురోజు దాకా అదే పని."

"ఎవరి తోపుకు?"

"ఎవరి తోపేంది, ఈ తోపుకే..."

మాట సగంలో ఆగింది. సుజన మెల్లగా వెనక్కి తిరిగి బయటికి చూసింది. ఆకుల మధ్య ఆ బారు కొమ్మ కనబడుతోంది. కాయ ఒక్కటి లేదు. చెట్టు దగ్గరికి నడిచి, కొమ్మ కింద నిలబడి చెయ్యి పైకెత్తింది. వేళ్లకు అందలేదు. మునివేళ్ల మీద లేచింది. అప్పుడూ అందలేదు.

"అక్కా, ఈ కొమ్మ కాయలు నేనే కోసినా" అంది. "మొదుట్లో నేల మీద నిలబడే కోస్తా ఉండా. చెయ్యెత్తితే అందేటట్టు కాయ వేలాడతా ఉండె. కోసేకొద్దీ కొమ్మ పైకి పోతానే ఉండాది. చివర్న నాలుగు కాయలు అందలా. మా అమ్మ నవ్వి, చిక్కం కట్టిన కర్ర తెచ్చిచ్చింది."

హైవే మీద కాయల లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. రూపశ్రీ ల్యాప్‌టాప్ ఎత్తుకుని చెట్టు కిందికే పరుగెత్తి వచ్చింది. పక్కనుంచి తీసే కెమెరాలో ఈ చెట్టు ఒక మూల పడుతుంది. మూలనున్నదాన్ని ఎవరు చూస్తారు? అందరూ బంతినే కదా చూసేది. ఏప్రిల్ వీడియో ఒకటి తెరిచి మూలను పెద్దది చేసింది. ఇటుక ముక్క గడ్డికి పైన గాల్లో వేలాడుతోంది. జూన్ చివరిది తెరిచింది. ఇటుక గడ్డిలో మునిగిపోయి ఉంది. జూలైది తెరిచింది. మళ్లీ గాల్లో ఉంది.

కాయ ఊరేకొద్దీ కొమ్మ వంగింది. కొమ్మతోపాటు చట్రం దిగింది. చట్రంతోపాటు సారు కన్ను దిగింది, సుజన చెయ్యి దిగింది. కాయ కోసిన రోజు కొమ్మ లేచింది. సారు రోజూ అక్కడే నిలబడి కొలత పట్టించుకుంటాడు కాబట్టి ఆ రోజే ఆయన కన్నూ లేచింది. సుజన కోతలకు పోయింది కాబట్టి ఆమె చెయ్యి జూన్‌లోనే ఉండిపోయింది. ప్రశాంతి నేర్చుకున్నదంతా లేచిన కొమ్మ కింద. అరిగిన తూకంరాయితో నిజాయితీగా తూచిన అంగడివాడిలా, మునిరత్నం సారు రెండున్నర నెలలు పరమ న్యాయంగా తప్పుడు తీర్పులు చెప్పాడు. ముడి కదిలిందా అని రోజూ చూసుకున్నాడు, ముడి కట్టిన కొమ్మను ఒక్కసారీ చూసుకోలేదు.

రూపశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యంత్రానికి మే, జూన్ నెలల్లో దిద్దించిందంతా తప్పేనని, ఆ బంతులన్నిటికీ మళ్లీ మొదటినుంచి తీర్పులు రాయాలని ఆమెకు అర్థమైంది. హరినాథ్ కేకలు ఇప్పుడే చెవుల్లో వినబడుతున్నాయి. అయినా లోపల ఎక్కడో పట్టలేని సంతోషం. మామిడి కొమ్మ బరువు యంత్రం తెలివిలోకి ఎక్కి కూర్చుందని ఎవరనుకుంటారు!

సారు మాత్రం చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"గంగాధరం మే నెలలో వచ్చినాడు" అన్నాడు. "కాయ బరువెక్కింది సార్, అన్ని కొమ్మలకూ ఊతకర్రలు పెడతా ఉండాం, దీనికీ పెడతామా అన్నాడు. కర్ర పాతితే బంతికి అడ్డమొస్తాదని నేనే వద్దన్నా. నేనే వద్దన్నా పాపా. నీకు తప్పు నేర్పింది నేనే."

సుజన రూపశ్రీ వైపు తిరిగింది. సెలక్షన్ నాటి వీడియో చూపించమంది. చిత్తూరులోనూ రూపశ్రీ కెమెరాలు పెట్టింది. బ్యాటు పట్టుకున్న అమ్మాయి మోకాలి మీదుగా తెరమీద ఒక పచ్చగీత గీసి, సుజన బంతులు ఒక్కొక్కటే వేసింది. మొదటి బంతి గీతకు జానెడు కిందుగా పోయింది. బాల్. తర్వాతదీ అంతే. ఆ తర్వాతదీ అంతే. ఊరంతా వినేలా తాను మోసమని అరిచిన తీర్పులన్నీ ఒక్కటొక్కటిగా నిజమవుతుంటే సుజన చూస్తూ నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పైటకొంగు లేదు కాబట్టి చొక్కా చేతితో తుడుచుకుంది.

"నేను నోటికొచ్చినట్టు అన్నా సార్" అంది చివరికి. ఆయన పక్కనే గడ్డిలో కూర్చుంది. "జానెడే గదా. రేపు పొద్దున్నుంచి వేస్తే ఆదివారానికి పైకి తెచ్చుకుంటా. మీరు ఎనక నిలబడి సూడండి."

మునిరత్నం సారు ఆ పిల్ల తలమీద చెయ్యి వేయబోయాడు. వేయలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని తన మోకాలి మీదే పెట్టుకున్నాడు. రూపశ్రీ అది చూసింది కానీ, పెద్దమనిషి బాధలో ఉన్నాడులే అనుకుంది.

"ఇంకోటి ఉండాలక్కా" అంది సుజన. "ఆఖరిది. అది పడితే నేను ఉంటా, లేకుంటే పోతా అన్న బంతి. అదీ ఎయ్యి, మనసు నిమ్మళిస్తాది."

రూపశ్రీ వేసింది. తెరమీద సుజన చెయ్యి తిరిగింది. అన్ని బంతులూ బాల్ అన్న కోపంతో వేసిందో ఏమో, ఈ బంతి అంతకుముందు వాటిలా దిగలేదు. నేరుగా తెల్ల పలక మీదుగా, పచ్చగీతకు నాలుగు వేళ్లు పైన దూసుకుపోయింది. వెనకనున్న సారు గొంతు స్పష్టంగా వినిపించింది. బాల్.

రూపశ్రీ మళ్లీ వేసింది. మళ్లీ గీతకు పైనే పోయింది. కెమెరా ఒరిగిందేమో చూస్తానని, పచ్చగీత సరిగా గీయలేదేమోనని ఏవేవో అంటూ మీటలు నొక్కసాగింది.

"కెమెరాది తప్పు గాదు రూపమ్మా" అన్నాడు సారు. "ఆపెయ్."

ఆమె ఆపింది.

"అది స్ట్రైకే. పడినప్పుడే తెలుసు నాకు. తెలిసే బాల్ అన్నా."

సుజన గడ్డిలోంచి లేచి నిలబడింది. ఆ పిల్ల గొంతులో ఇప్పుడు కోపం కూడా లేదు.

"ప్రశాంతి వాళ్ల నాయన ఏమన్నా ఇచ్చినాడా సార్?"

సారు లేదని తల ఊపాడు. ఆయన చూపు సుజన ముఖం మీద లేదు. ఆమె చంకనున్న చేతి తొడుగు మీద, దబ్బనంతో కుట్టిన నల్లదారం కుట్ల మీద ఉంది.

"మీ అమ్మొచ్చింది" అన్నాడు. "సెలక్షన్ ముందురోజు సాయంత్రం, ఈ షెడ్డు కాడికే. నా బిడ్డ బాగా ఆడినా ఈసారి పేరు రానీయొద్దు సార్ అని చేతులు పట్టుకుని అడిగింది. ఎందుకమ్మా అంటే చెప్పలా."